అవతలి వీధి చావు

1988 మార్చి 19, పశ్చిమ బెల్‌ఫాస్ట్. ఒక శవయాత్ర సాగుతోంది. మూడు రోజుల ముందు మిల్‌టౌన్ శ్మశానంలో, ఐర్లండ్ ఒకటి కావాలని తుపాకీ పట్టిన ఐఆర్‌ఏ వాళ్ల అంత్యక్రియలు జరుగుతుంటే, బ్రిటన్ పక్షాన తుపాకీ పట్టిన లాయలిస్టు ఒకడు గ్రెనేడ్లు విసిరి, తుపాకీతో కాల్చి ముగ్గుర్ని చంపాడు. ఆ ముగ్గురిలో ఒకరి అంతిమయాత్ర ఇది. ఇంతలో ఒక కారు ఊరేగింపు మధ్యలోకి వచ్చిపడింది. లోపల మఫ్టీలో ఇద్దరు బ్రిటిష్ సైనికులు. ఎందుకొచ్చారు, దారి తప్పారా అని అడిగినవాళ్లు లేరు. మళ్లీ దాడే అనుకున్న గుంపు కారు మీద పడింది. ఇద్దరినీ బయటికి ఈడ్చి, కొట్టి, బట్టలు చింపింది. దగ్గర్లో ఉన్న ఖాళీ జాగాలో ఐఆర్‌ఏ మనుషులు వాళ్లను కాల్చేశారు.

అలెక్ రీడ్ అనే క్యాథలిక్ ఫాదర్ వాళ్లని కాపాడబోయాడు. ఆయన్ని లాగి అవతలికి నెట్టేశారు. కాల్పుల చప్పుడు విని మళ్లీ పరిగెత్తాడు. నోటితో ఊపిరి ఊది చూశాడు. ఇక లాభం లేదని తెలిశాక మోకాళ్ల మీద కూర్చుని, పోతున్నవాళ్ల కోసం చెప్పే ప్రార్థన చెప్పాడు. నేల మీద నెత్తురోడుతున్న మనిషి, పక్కన నల్లకోటు వేసుకున్న ఫాదర్. ఆ ఫొటో ప్రపంచమంతా అచ్చయింది.

ఫొటోలో కనిపించనిది ఆయన దగ్గరున్న కవరు. ఐఆర్‌ఏ రాజకీయ పక్షమైన సిన్ ఫేన్ నాయకుడు గెర్రీ ఆడమ్స్ వైపు నుంచి, తుపాకీని కాదన్న జాతీయవాద నాయకుడు, డెర్రీలో ఉన్న జాన్ హ్యూమ్‌కి వెళ్లవలసిన కాగితాలు అందులో ఉన్నాయి. ఈ గొడవ తుపాకీ లేకుండా తేలాలంటే తమవాళ్లకి ఏం కావాలో రాసిన కాగితాలు. కవరుకి ఆ సైనికుడి రక్తం అంటింది. రీడ్ తన మఠానికి వెళ్లి, కవరు మార్చి, కాగితాలను చేరవలసిన చోటికి చేర్చాడు.

బెల్‌ఫాస్ట్ నుంచి డెర్రీకి కారులో రెండు గంటలు కూడా పట్టదు. అలా మొదలైన మాటలు ఒప్పందం దాకా రావడానికి పదేళ్లు పట్టింది. 1998 ఏప్రిల్ 10, గుడ్ ఫ్రైడే నాడు గానీ కుదరలేదు. ఈ పదేళ్లలో పోయినవాళ్లు వందల మంది. వాళ్లను చంపిందెవరో తెలుసు: ఇటు ఐఆర్‌ఏ, అటు లాయలిస్టు ముఠాలు, మధ్యలో ప్రభుత్వ బలగాలు. మరి ఆ పదేళ్ల ఆలస్యం ఎవరిది? అందులో పెద్ద వాటా ఏనాడూ తుపాకీ ముట్టుకోనివాళ్లది. ఆదివారం చర్చికి, సోమవారం పనికి వెళ్తూ, తమ పిల్లలు ఈ రొంపిలో దిగకుండా జాగ్రత్తపడుతూనే, అవతలి వీధిలో చావు కబురొస్తే టీవీ కట్టేసి పడుకున్న మర్యాదస్తులది. తిలాపాపం తలా పిడికెడు అంటాం. ఆ పిడికెడు గురించే ఈ నాలుగు మాటలు.

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. 1921లో ఐర్లండ్‌ను రెండు చేశారు. 26 కౌంటీలు విడిపోయి కొన్నాళ్లకు రిపబ్లిక్ అయ్యాయి. ఈశాన్య మూలనున్న ఆరు కౌంటీలు ఉత్తర ఐర్లండ్ పేరుతో బ్రిటన్‌లోనే ఉండిపోయాయి. అక్కడ అప్పట్లో ప్రొటెస్టెంట్లు ఎక్కువ. పదిహేడో శతాబ్దంలో స్కాట్లండ్, ఇంగ్లండ్‌ల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల వారసులు వాళ్లలో చాలామంది. బ్రిటన్‌తోనే ఉంటామంటారు కాబట్టి యూనియనిస్టులు. ఐర్లండ్ మళ్లీ ఒకటి కావాలనే క్యాథలిక్కులు జాతీయవాదులు. యాభై ఏళ్లు అక్కడ ఒకే పార్టీ రాజ్యం. ఇళ్ల కేటాయింపులో, ఉద్యోగాల్లో, వార్డుల గీతలు గీయడంలో క్యాథలిక్కులకు అన్యాయం జరిగింది. 1968లో పౌరహక్కుల ఊరేగింపు మీద లాఠీలు విరిగాయి. 1969లో సైన్యం దిగింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో 3500 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది పదిహేను లక్షల జనాభా ఉన్న ఆ చిన్న నేల మీదే. వాళ్లలో సగానికి పైగా ఏ పక్షం తుపాకీ పట్టనివాళ్లు.

మనకు రాయబారం అంటే నిండు సభ. కృష్ణుడు లేచి పద్యం అందుకుంటాడు, అందరూ వింటారు, వన్స్‌మోర్ కొడతారు. అసలు రాయబారాలు అంత బాహాటంగా జరగవు. డెర్రీలో బ్రెండన్ డడ్డీ అని ఒకాయన ఉండేవాడు. చేపల వేపుడూ ఆలుగడ్డ చిప్సూ అమ్మిన దుకాణదారు. ఐఆర్‌ఏకీ బ్రిటిష్ గూఢచార శాఖకీ మధ్య ఇరవై ఏళ్లపాటు కబుర్లు మోసింది ఆయనే. అలాంటి కబుర్లు నడుస్తున్నాయని ఏ పక్షమూ ఒప్పుకునేది కాదు. 1993 నవంబరు 1న బ్రిటిష్ ప్రధాని జాన్ మేజర్ పార్లమెంటులో నిలబడి, ఆడమ్స్‌తో మాట్లాడటమంటే తనకు కడుపులో తిప్పుతుందన్నాడు. ఆ నెల దాటకుండానే, ఆయన ప్రభుత్వమే ఐఆర్‌ఏతో గుట్టుగా సంప్రదిస్తోందని ఒక పత్రిక బయటపెట్టింది.

నాయకుల కపటం అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆ అబద్ధం ఎవరి కోసం ఆడినట్టు? నిజం చెబితే ఓటెయ్యని జనం కోసం. శత్రువుతో మాట్లాడినవాడు ద్రోహి అని నమ్మిన జనం కోసం. హ్యూమ్ బాహాటంగానే ఆడమ్స్‌తో మాట్లాడాడు కదా, ఆయనకేం మిగిలింది? డబ్లిన్ పత్రికలు కొన్ని వారాల తరబడి తిట్టిపోశాయి.

ఇంకో సంగతి వినండి. 1988 నుంచి 1994 దాకా సిన్ ఫేన్ నాయకుల గొంతు బ్రిటిష్ టీవీలో, రేడియోలో వినిపించకూడదని నిషేధం ఉండేది. బొమ్మ చూపించవచ్చు. అన్న మాటలు ఇంకొకరు చదవవచ్చు. గొంతు మాత్రం కూడదు. టీవీవాళ్లు నటుల్ని పెట్టి డబ్బింగ్ చెప్పించారు. తెర మీద ఆడమ్స్ పెదాలు కదులుతుంటే ఎవరో నటుడి గొంతు వినపడేది. డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగిన మనకు ఇది నవ్వులాటగా ఉంటుంది. అక్కడ ఆరేళ్లు అదే చట్టం. యూనియనిస్టు నాయకులు అయితే సిన్ ఫేన్ వాళ్లున్న స్టూడియోలో కూర్చోవడానికి కూడా ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరిన ఐదు నెలలకు, 1998 సెప్టెంబరులో గానీ వాళ్ల నాయకుడు డేవిడ్ ట్రింబుల్, ఆడమ్స్ ముఖాముఖి కూర్చోలేదు. మధ్యవర్తుల ద్వారా, కాగితాల ద్వారా, పక్కగదుల ద్వారా ఒక దేశపు భవిష్యత్తును తేల్చుకున్నారు.

1993 అక్టోబరు 23, శనివారం మధ్యాహ్నం. ప్రొటెస్టెంట్లుండే షాంకిల్ రోడ్డులో, సరుకులు కొనుక్కునే జనం మధ్య, చేపల దుకాణంలో ఐఆర్‌ఏ బాంబు పేలింది. పదిమంది పోయారు. వాళ్లలో పిల్లలున్నారు, బాంబు తెచ్చినవాడూ ఉన్నాడు. వాడి శవపేటికకు ఆడమ్స్ భుజం పట్టాడు. ఆ ఫొటోను యూనియనిస్టు ఇళ్లు మరిచిపోలేదు. సరిగ్గా వారానికి గ్రేస్టీల్ అనే ఊళ్లో లాయలిస్టులు బారులో దూరి కాల్పులు జరిపారు. ఎనిమిది మంది చనిపోయారు. క్యాథలిక్కుల బారు అనుకుని వచ్చినవాళ్ల తూటాలకు పోయినవాళ్లలో ఇద్దరు ప్రొటెస్టెంట్లు.

గ్రేస్టీల్ అంత్యక్రియలకు హ్యూమ్ వెళ్లాడు. తండ్రిని పోగొట్టుకున్న ఒక అమ్మాయి ఆయన దగ్గరికి వచ్చింది. రాత్రి ఇంట్లోవాళ్లంతా శవపేటిక చుట్టూ కూర్చుని ప్రార్థించామనీ, మీరు చేస్తున్న పని నెరవేరాలని కోరుకున్నామనీ చెప్పింది. హ్యూమ్ అక్కడే కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ వారంలో ఆయన్ని నిలబెట్టింది ఆ ఒక్క మాటేనేమో. ఎవరికన్నా పగ కోరే హక్కుందంటే ఆ పిల్లకే ఉంది.

హక్కు లేనివాళ్లే పగ ఎక్కువ కోరారు. ఏ వీధికి ఆ వీధి తన శవాలనే లెక్కపెట్టుకుంది. 1972 జనవరి 30న డెర్రీలో పౌరహక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ పారాట్రూపర్లు కాల్పులు జరిపారు. ఆ రోజు 13 మంది చనిపోయారు, తర్వాత మరొకరు. పోయినవాళ్లు నిర్దోషులని బ్రిటిష్ ప్రభుత్వం నోరు తెరిచి ఒప్పుకోవడానికి 2010 జూన్ దాకా పట్టింది. డెర్రీ క్యాథలిక్ ఇళ్లలో ఆ పేర్లు పిల్లలకు కూడా కంఠతా వచ్చు. రావాలి కూడా. అదే ఏడాది జూలై 21న బెల్‌ఫాస్ట్‌లో ఐఆర్‌ఏ గంటన్నర లోపల ఇరవై దాకా బాంబులు పేల్చి తొమ్మిది మందిని చంపింది. ఆ తొమ్మిది పేర్లు అవే ఇళ్లలో ఎంతమందికి వచ్చు?

ఇప్పుడు ప్రశ్న తిప్పి అడుగుదాం. 1987 నవంబరులో ఎనిస్కిలెన్‌లో, యుద్ధంలో చనిపోయినవాళ్లకు పూలు పెట్టడానికి చేరిన జనం మీద గోడ కూలేలా ఐఆర్‌ఏ బాంబు పెట్టింది. 11 మంది ఆ రోజే పోయారు. వాళ్లని తలుచుకోని యూనియనిస్టు ఇల్లు ఉండదు. ఆ ఇళ్లలో, 1971 డిసెంబరులో బెల్‌ఫాస్ట్ మెక్‌గర్క్ బారులో లాయలిస్టు బాంబుకు బలైన 15 మందిని తలుచుకునేవారెవరు? లోపల తాగుతున్నవాళ్లలో ఐఆర్‌ఏ వాళ్లే ఉన్నారనీ, బాంబు వాళ్ల చేతిలోనే పేలిందనీ అధికారులు చెప్పిన కట్టుకథను నమ్మి ఊరుకున్నవాళ్లే ఎక్కువ. చచ్చినవాడి మీదే నేరం మోపితే బతికినవాడికి నిద్ర పడుతుంది.

1994 ఆగస్టు 31న ఐఆర్‌ఏ కాల్పుల విరమణ ప్రకటించింది. పూర్తిగా ఆపేస్తున్నామంది. శాశ్వతంగా అనలేదు. ఆ ఒక్క మాట దగ్గర నెలలు గడిచాయి. ఆ తర్వాత ఆయుధాల దగ్గర పీటముడి పడింది. కొన్ని తుపాకులైనా ముందు వదిలితేనే చర్చలకు రానిస్తామని లండన్. చర్చలే మొదలవకుండా వదిలితే ఓడిపోయినట్టేనని ఐఆర్‌ఏ. పదిహేడు నెలలు ఇలాగే ఈడ్చి, 1996 ఫిబ్రవరి 9న ఐఆర్‌ఏ లండన్ డాక్‌లాండ్స్‌లో లారీ బాంబు పేల్చింది. పేపర్లమ్మే దుకాణంలో ఉన్న ఇద్దరు చనిపోయారు. ఐర్లండ్ గొడవతో వాళ్లకు ఏ సంబంధమూ లేదు.

ఈ పీటముడిలో న్యాయం ఎవరిదని అడిగితే నేను తడుముకుంటాను. బల్ల కింద తుపాకీ పెట్టుకుని బల్ల మీద ప్రజాస్వామ్యం మాట్లాడితే ఎవరు నమ్ముతారని యూనియనిస్టు అడుగుతాడు. సరిహద్దు పల్లెల్లో పాలు పితుకుతూ కాల్పులకు పోయిన రైతుల చుట్టాలు ఆ మాట అంటుంటే జవాబు చెప్పడం కష్టం. అటు జాతీయవాది 1969 ఆగస్టును చూపిస్తాడు. ఆ నెల బాంబే స్ట్రీట్‌ను తగలబెట్టారు. పేరు చూసి ఆశ్చర్యపోకండి, బెల్‌ఫాస్ట్‌లో ఆ పేరుతో ఒక వీధి ఉంది, కశ్మీర్ రోడ్డు పక్కనే, రీడ్ ఫాదర్ ఉండిన మఠం నీడలో. ఆ రోజు పోలీసులు కాపాడలేదు, ఐఆర్‌ఏ దగ్గరా చెప్పుకోదగ్గ తుపాకులు లేవు. అలాంటి రాత్రి మళ్లీ వస్తే మాకెవరు దిక్కంటాడు. రెండు భయాలూ నిజమే. తన భయాన్ని నిజమనీ, ఎదుటివాడి భయాన్ని నాటకమనీ అనుకోవడం దగ్గరే రెండు వైపులా తప్పు చేశాయి.

మన సంగతి కూడా ఒకటి ఒప్పుకోవాలి. తెలుగువాళ్లకు ఐర్లండ్ అనగానే గుర్తొచ్చేది వి.వి.గిరి. 1913లో డబ్లిన్ వెళ్లి లా చదువుతూ, అక్కడి జాతీయవాదులతో కలిసి తిరిగి, 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత దేశం విడిచి పొమ్మంటే తిరిగొచ్చారు. ఆ అభిమానంతో మన సానుభూతి ఎప్పుడూ ఒక వైపే. యూనియనిస్టంటే తెల్లదొర తొత్తని మన లెక్క. నాకూ చాలాకాలం అదే లెక్క. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఎక్కడివాడో తెలుసుకున్నాక ఆ లెక్క కాస్త తడబడింది. 1919లో ఠాగూరు జనగణమనను ఇంగ్లీషు చేసింది ఆ కాలేజీలో ఉన్నప్పుడే. కజిన్స్ బెల్‌ఫాస్ట్‌లో ప్రొటెస్టెంట్ ఇంట పుట్టినవాడు. యూనియనిస్టు కాడు, ఐరిష్ సాహిత్యోద్యమంలో పనిచేసినవాడు. అయినా పుట్టింది ఆ వీధిలోనే. 1956లో మదనపల్లెలోనే పోయాడు. ఆయన మనవాడు కాగలిగినప్పుడు, నాలుగు వందల ఏళ్లుగా తాతముత్తాతల సమాధులు అక్కడే ఉన్న ఆయన వీధివాళ్లు ఆ నేలకు పరాయివాళ్లెలా అవుతారు? వలసొచ్చారు పొమ్మంటే ఎక్కడికి పోతారు?

దూరాన ఉన్నవాళ్ల సానుభూతి ఊరికే పోదు. అమెరికాలో ఐరిష్ బార్లలో డబ్బాలు తిప్పి, ఖైదీల కుటుంబాలకని చెప్పి డాలర్లు వసూలు చేసేవాళ్లు. అందులో కొంత తుపాకులకు పోతోందని లండనూ డబ్లినూ రెండూ మొత్తుకున్నాయి. వేసినవాడికి ఒక గ్లాసు బీరు ఖర్చు. బాంబు పడే వీధిలో తన పిల్లలు లేరు. పంతం పట్టడం అంత దూరం నుంచి చాలా సుఖం. ఇది చదువుతున్న మనలో విదేశాల్లో ఉండి స్వదేశపు తగాదాలకు ఆవేశపడేవాళ్లు ఒక్కసారి ఆ డబ్బాను తలుచుకోవాలి.

గుండె తరుక్కుపోయేది 1974 సంగతి. అంతకు ముందు డిసెంబరులో సన్నింగ్‌డేల్‌లో ఒక ఒప్పందం కుదిరింది. యూనియనిస్టు బ్రయన్ ఫాక్నర్, జాతీయవాది గెర్రీ ఫిట్ ఒకే మంత్రివర్గంలో కూర్చున్నారు. మొట్టమొదటిసారి. ఐదు నెలలు నడిచింది. మే నెలలో లాయలిస్టు కార్మికులు సమ్మెకు దిగి కరెంటు తగ్గించేశారు. రోడ్లకు అడ్డాలు కట్టారు, ముసుగులేసుకున్నవాళ్లు కర్రలతో నిలబడ్డారు. సమ్మె మధ్యలో, మే 17న, డబ్లిన్, మోనహన్ ఊళ్లలో లాయలిస్టు కారు బాంబులకు 33 మంది పోయారు. ఆ నేరానికి ఈ రోజుకీ ఒక్కడికీ శిక్ష పడలేదు. బ్రిటిష్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ టీవీలో మాట్లాడుతూ సమ్మెవాళ్లు బ్రిటన్ మీద పడి తింటున్నారనే అర్థం వచ్చేలా ఒక ఇంగ్లీషు మాట వాడాడు. ఆ మాటలో స్పాంజి ఉంది. మర్నాడు జనం కోటుకు స్పాంజి ముక్కలు గుచ్చుకుని తిరిగారు. అంతవరకూ సమ్మెకు దూరంగా ఉన్నవాళ్లు కూడా గుచ్చుకున్నారు. పద్నాలుగు రోజుల్లో మంత్రివర్గం పడిపోయింది. అటు ఐఆర్‌ఏకి కూడా ఆ ఒప్పందం గిట్టలేదు, బాంబులు ఆపలేదు.

ఆ స్పాంజి ముక్కే నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. గుచ్చుకున్నవాళ్లు హంతకులు కారు. బ్యాంకు గుమాస్తాలు, బడిపంతుళ్లు, గృహిణులు. ఒక అవమానానికి బదులు చెప్పామనుకున్నారు. ఇరవై నాలుగేళ్ల తర్వాత కుదిరిన ఒప్పందంలో మూలాంశాలు దాదాపు 1973వే. మందబుద్ధుల కోసం మళ్లీ రాసిన సన్నింగ్‌డేల్ ఇది అన్న అర్థంలో హ్యూమ్ పార్టీ ఉపనాయకుడు షేమస్ మాలన్ ఎత్తిపొడిచాడు. ఆ ఇరవై నాలుగేళ్లలో పోయినవాళ్లు రెండు వేలకు పైనే.

ద్రౌపదిని సభకు ఈడ్చినవాడు దుశ్శాసనుడొక్కడే. తల వంచుకు కూర్చున్నవాళ్లు ఎందరు? పెద్దలు ఉండి కూడా నోరు మెదపని సభకు అంటిన పాపాన్ని మన భారతం వదిలిపెట్టలేదు. ఉత్తర ఐర్లండ్ సభ నిండా అలాంటి పెద్దలే. పక్కింటి కుర్రాడు రాత్రిళ్లు ఎక్కడికి వెళ్తున్నాడో తెలిసీ అడగనివాళ్లు. చంపడం తప్పే గానీ వాళ్లు మనల్ని ఏం చేశారో కూడా చూడాలి కదా అని నసిగేవాళ్లు. ఆ "గానీ" ఇటూ ఉంది, అటూ ఉంది. అక్కడ ఇంగ్లీషు ఎనిమిదో అక్షరాన్ని "హెయిచ్" అంటే క్యాథలిక్కు, "ఎయిచ్" అంటే ప్రొటెస్టెంటు. ఒక ఊరిని డెర్రీ అంటే ఒక జాతి, లండన్‌డెర్రీ అంటే ఇంకో జాతి. నోరు తెరిస్తే పక్షం తెలిసిపోయే చోట నోరు మూసుకోవడమే మర్యాద అయింది.

నోరు తెరిచినవాళ్లూ లేకపోలేదు. ఎనిస్కిలెన్‌లో శిథిలాల కింద కూతురి చెయ్యి పట్టుకుని ఆ పిల్ల చివరి మాటలు విన్న గార్డన్ విల్సన్, బట్టల వర్తకుడు, తనకు ఎవరి మీదా కక్ష లేదని ఆ సాయంత్రమే చెప్పాడు. 1993లో వెళ్లి ఐఆర్‌ఏ మనుషుల్ని కలిసి, ఇక చాలించండని అడిగాడు. వట్టిచేతులతో తిరిగొచ్చాడు. 1996లో కొందరు ఆడవాళ్లు, రెండు మతాలవాళ్లూ కలిసి, చర్చల ప్రతినిధుల్ని ఎన్నుకునే ఎన్నికలకు కొద్ది వారాల ముందు మహిళా కూటమి పెట్టి గెలిచి చర్చల్లోకి వచ్చారు. ఆ ఎన్నికలతో ఏర్పడిన ఫోరం సభలో వాళ్లు మాట్లాడుతుంటే కొందరు మగ సభ్యులు ఆవుల్లా అంబా అని అరిచారు. ఒప్పందంలో బాధితుల గురించి, పిల్లలు కలిసి చదువుకోవడం గురించి ఉన్న మాటలు ఆ ఆడవాళ్లు పట్టుబట్టి పెట్టించినవి. అరిచినవాళ్ల పార్టీ చర్చల్లోంచి లేచి వెళ్లిపోయింది.

1998 మార్చిలో పాయింట్స్‌పాస్ అనే చిన్న ఊళ్లో ఇద్దరు స్నేహితులు బారులో కూర్చుని ఉంటే లాయలిస్టులు కాల్చేశారు. ఒకడు క్యాథలిక్కు, ఒకడు ప్రొటెస్టెంటు. ట్రింబుల్, మాలన్ కలిసి ఆ ఊరి వీధిలో నడిచి రెండు ఇళ్లకీ వెళ్లారు. ఒప్పందానికి ఇంకా నెలపైన ఉంది. బల్ల దగ్గర ముడి వీడకముందే ఇద్దరు నాయకులు ఒకే వీధిలో నడవడం జనం చూశారు. అలాంటి నడక ఇరవై ఏళ్ల ముందు జరిగి ఉంటే అనిపిస్తుంది.

మే 22న ఓటేశారు. ఉత్తరాన 71 శాతం, దక్షిణాన 94 శాతం ఒప్పందానికి సరేనన్నారు. ఎవరికి ఎంత ఖర్చయిందో ఆ అంకెల్లో కనపడదు. ఒప్పందం ప్రకారం, విరమణ పాటించిన ముఠాల ఖైదీలను రెండేళ్లలో వదిలిపెట్టాలి. నాలుగు వందల మందికి పైగా బయటికొచ్చారు. అంటే భర్తను చంపినవాణ్ణి సూపర్‌మార్కెట్ క్యూలో చూడవలసి వచ్చిన ఆడవాళ్లున్నారు. ఆ బరువు శాంతిని మెచ్చుకునే మనం మోయలేదు, వాళ్లు మోశారు. వాళ్లలో కొందరు వద్దనే ఓటేశారు. వాళ్లను శాంతికి అడ్డుపడినవాళ్లని అనడానికి నాకు నోరు రాదు. స్పాంజి గుచ్చుకున్నవాడి పంతం వేరు, ఆ క్యూలో నిలబడిన మనిషి కోపం వేరు.

తర్వాత కూడా అడ్డంకులు తీరలేదు. 2005లో ఐఆర్‌ఏ ఆయుధాలను పనికిరాకుండా చేస్తుంటే ఇద్దరు మతపెద్దలు సాక్షులుగా నిలబడ్డారు. ఒకాయన ప్రొటెస్టెంట్ హారల్డ్ గుడ్, రెండో ఆయన మన కవరు ఫాదర్ రీడే. ఫొటోలు లేవు కాబట్టి నమ్మనన్నాడు యూనియనిస్టు నాయకుడు ఇయన్ పైస్లీ. 2007 మార్చిలో పైస్లీ, ఆడమ్స్ మొదటిసారి పత్రికల ముందు కూర్చోవాలంటే ఎలా కూర్చోవాలన్నది సమస్య. పక్కపక్కనా, ఎదురెదురా? ఒక అధికారికి ఉపాయం తట్టి, బల్లల్ని మూలలు కలిసేలా డైమండు ఆకారంలో వేశారు. మూలకు ఇటొకరు అటొకరు. నలభై ఏళ్ల పగకు పీటలు వేసింది అలా. ఆ తర్వాత కూడా రెండు పక్షాలూ కలిసి నడిపే స్టార్మంట్ ప్రభుత్వం 2017 నుంచి మూడేళ్లు, 2022 నుంచి రెండేళ్లు తలుపులు మూసుకుంది. ఒకసారి కట్టెలపొయ్యిల పథకం కుంభకోణంతో మొదలై, ఒకసారి బ్రెగ్జిట్ తర్వాతి సరుకుల తనిఖీల మీద అలిగి. 2024 ఫిబ్రవరిలో మొదటిసారి ఒక జాతీయవాది, మిషెల్ ఓనీల్, మొదటి మంత్రి అయింది. ఎమ్మా లిటిల్-పెంగెలీ అనే యూనియనిస్టు ఆమెతో సమాన అధికారాలున్న ఉప మొదటి మంత్రి అయింది. తుపాకుల గొడవ కాదు కదా అని ఊరట.

బెల్‌ఫాస్ట్‌లో రెండు మతాల పేటల మధ్య కట్టిన కూపర్ వే గోడ మాత్రం అలాగే ఉంది. షాంకిల్ ఇటు, క్యాథలిక్కుల ఫాల్స్ అటు. కింద కాంక్రీటు, దాని పైన రేకు, దాని పైన ఇనుప వల. మధ్యలో ఉన్న గేట్లు రాత్రికి మూస్తారు. 2023 కల్లా ఇలాంటి గోడలన్నీ తీసేస్తామని ప్రభుత్వం 2013లో మాట ఇచ్చింది. తీయలేదు. గోడ పక్కింటివాళ్లే చాలామంది వద్దంటారు. మతాలు కలిసి చదివే బడికి వెళ్లే పిల్లలు ఇప్పటికీ పదిమందిలో ఒక్కరు కూడా లేరు. బల్లల్ని డైమండు ఆకారంలో వేయడానికి అధికారి చాలాడు. పిల్లవాణ్ణి ఏ బడికి పంపాలో తేల్చేది అమ్మానాన్నలే.

అందుకని, ఎవరో వచ్చి చేస్తారని చూడకుండా ఎవరికి వారు చేయగలిగిన పని ఒకటి అడుగుతున్నాను. షాంకిల్‌లో ఉన్నవాళ్లు గ్రేస్టీల్‌లో పోయిన ఒక్క పేరు నేర్చుకోవాలి. ఫాల్స్‌లో ఉన్నవాళ్లు షాంకిల్ చేపల దుకాణంలో పోయిన ఒక్క పిల్ల పేరు నేర్చుకోవాలి. లండన్ ప్రభుత్వం డబ్లిన్, మోనహన్ బాంబుల ఫైళ్లు తెరవాలి.

ఐఆర్‌ఏ పాతతరానికి ఇంకో మాట. ఎత్తుకుపోయి, చంపి, రహస్యంగా పాతిపెట్టిన మనుషుల్ని వెతకడానికి 1999లో రెండు ప్రభుత్వాలూ కలిసి ఒక కమిషన్ వేశాయి. ఎక్కువమంది దొరికారు. కొందరు ఇంకా ఏ బురదనేల కిందో ఉన్నారు. ఒక ఇంటి సమాధి రాయి మీద తల్లిదండ్రుల పేర్లతో పాటు కొడుకు పేరు కూడా చెక్కి ఉంది. కొడుకు మాత్రం ఆ రాయి కింద లేడు. ఆ రాత్రి గొయ్యి తవ్వినవాళ్లకు, లాంతరు పట్టినవాళ్లకు, తెలిసి ఊరుకున్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లుంటాయి. కమిషన్‌కు చెప్పిన మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. చెప్పినవాళ్ల పేరు బయటికి రాదు. ఫోను చేస్తే ఇప్పటికీ ఎత్తుతారు.